తిట్టుగా మారిన దుఃఖం

గోదావరి జిల్లాల్లో కోపం వచ్చినా, విసుగొచ్చినా, ముద్దొచ్చినా ముందుగా నోటికొచ్చే మాట ఒకటుంది: వెధవ. చెప్పిన పని చెయ్యని కుర్రాడు వెధవ. వాడు చేసేవి వెధవ పనులు, వాడికున్నవి వెధవ బుద్ధులు. కరెంటు పోతే వెధవ కరెంటు, ముసురు పట్టి వదలకపోతే వెధవ వాన. మనవణ్ణి ఒళ్లోకి లాక్కుంటూ ‘ఓరి వెధవాయ్’ అని మురిసిపోయే పెద్దవాళ్లూ ఉన్నారు. ఇది మగవాడికి తగిలించే మాటయితే, ఆడమనిషికి తగిలించడానికి దీనికి జోడుగా ‘ముండ’ ఉంది. మొదటిదాని అర్థం భర్త చనిపోయిన స్త్రీ. రెండోది ఆ స్త్రీకి చేసే తలక్షౌరం నుంచి వచ్చింది. అంటే మగవాణ్ణి తిట్టినా, ఆడదాన్ని తిట్టినా మనం చేస్తున్నది ఒకటే పని: ఎవరో ఒక భార్యకు కలిగిన కష్టాన్ని తీసుకొచ్చి ఎదుటివాళ్ల మొహాన కొట్టడం. ఒక మనిషి దుఃఖం ఇంకో మనిషికి తిట్టు ఎలా అయింది? ఇది భాషకు సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది గాని, అసలు ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టే అన్న నమ్మకం లేనిదే ఇలాంటి తిట్టు పుట్టదు. ఆ నమ్మకం మన ధర్మంలోని మూలసూత్రం కాదనీ, దాని మీద పెరిగిన పొర మాత్రమేననీ, ఆ పొరను మన ధర్మమే తోసిపుచ్చుతోందనీ నా వాదన.

ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలో ‘విధవా’ చాలా పాత మాట, ఋగ్వేదంలోనే ఉంది. తెలుగులో ‘దిశ’ ‘దెస’ అయినట్టే ‘విధవ’ ‘వెధవ’ అయింది. వేదపదాలకు అర్థం చెప్పిన యాస్కుడు తన నిరుక్తంలో ఈ మాట దగ్గర ఆగి ఒకటికి నాలుగు వ్యుత్పత్తులు ఇచ్చాడు. పోషించేవాడు లేనిది అన్నది ఒకటి. వణికిపోయేది అన్నది ఇంకొకటి. దిక్కుతోచక పరుగెత్తేది అని చర్మశిరుడనే ఆచార్యుడు చెప్పినట్టు రాశాడు. ‘ధవ’ అంటే పురుషుడు గనుక అతన్ని కోల్పోయినది అన్నది చివరిది. నేటి భాషాశాస్త్రం ఇంకాస్త వెనక్కి వెళుతుంది. లాటిన్‌లో విడువా, ఇంగ్లీషులో విడో, రష్యన్‌లో వ్దోవా, పారశీకంలో బేవా, ఇవన్నీ మన విధవకు తోబుట్టువులే. వీటన్నిటి వెనక ఉన్న ధాతువుకు అర్థం వేరుపడటం, ఖాళీ కావడం. ‘ధవ’ అన్న మాటను ఆ తర్వాత ఈ పదంలోంచే విడదీసి తీశారని పండితుల అభిప్రాయం. ఏ వ్యుత్పత్తి తీసుకున్నా ఒక సంగతి మారదు. ఇందులో ఎక్కడా నింద లేదు. ఒంటరితనం ఉంది, వణుకు ఉంది, వెలితి ఉంది. యాస్కుడి నాలుగు అర్థాల్లో ‘పాపిష్ఠిది’ అన్న అర్థం ఒక్కటీ లేదు. ఋగ్వేదం పదో మండలంలోని అంత్యేష్టి సూక్తమైతే, చనిపోయిన భర్త పక్కన పడుకున్న స్త్రీని లెమ్మని, బతికున్నవాళ్ల లోకంలోకి రమ్మని పిలుస్తుంది. అక్కడ ఆమె మీద కనబడేది ఆదరణే.

మరి నింద ఎక్కడ చేరింది? దానికి సాక్ష్యం కోసం తాళపత్రాలు వెతకనక్కర్లేదు, రోజూ వాడే తెలుగులోనే ఉంది. భర్త ఉన్న ఆడదాన్ని మనం ‘పునిస్త్రీ’ అంటాం. అది పుణ్యస్త్రీ. భర్త కంటే ముందు కన్నుమూసిన ఆవిడను గురించి ‘పునిస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు’ అని చెప్పుకుంటాం. భర్త ఉంటే పుణ్యస్త్రీ అయినప్పుడు, లేకపోతే ఏమవుతుందో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. అలాగే ‘పాపం, పసుపు కుంకుమలకు నోచుకోలేదు’ అంటాం. నోచడమంటే నోము పట్టడం. ఎంత జాలిగా అన్నా ఆ వాక్యానికి అర్థం ఏమిటి? సరిగ్గా నోము నోచి ఉంటే మొగుడు బతికేవాడని. ‘మొగుణ్ణి మింగింది’ అన్నది కటువైన మాట, ‘నోచుకోలేదు’ అన్నది మెత్తని మాట. తీర్పు మాత్రం రెండిటిదీ ఒకటే. ఇంకో సంగతి గమనించండి. భార్య పోయినవాణ్ణి సంస్కృతంలో విధురుడంటారు. మన ఊళ్లలో ఎవరూ ఎవర్నీ ‘ఒరే విధురుడా’ అని తిట్టరు. పెళ్లాన్ని మింగినవాడన్న పేరు మగవాడికి రాదు. తోడు కోల్పోవడమే తిట్టుకు కారణమైతే అది ఇద్దరికీ వర్తించాలి. వర్తించలేదంటే, ఈ తిట్టు ఎత్తి చూపేది దుఃఖాన్ని కాదు, ఆడదాని మీద మోపిన నేరాన్ని.

ఆ నేరారోపణకు గ్రంథాధారమూ ఉంది. దాన్ని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. స్కాందపురాణంలోని కాశీఖండం, పతివ్రతా ధర్మాలు చెప్పే నాలుగో అధ్యాయంలో, అమంగళాలన్నిటిలోకీ విధవ పెద్ద అమంగళమంటుంది. ఆమె జడ వేసుకుంటే అది పరలోకంలో భర్తకు బంధమవుతుంది గనుక తల గొరిగించుకోవాలంటుంది. ఆమె దీవెనను కూడా తెలిసినవాడు పాములా తప్పించుకోవాలని హెచ్చరిస్తుంది. ఇదే కాశీఖండాన్ని 15వ శతాబ్దంలో శ్రీనాథుడు తెలుగు చేసి రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కాబట్టి ఈ పురాణం గోదావరి ఒడ్డుకు పరాయిదేమీ కాదు. అయితే ఆ సంస్కృత శ్లోకాల్లోనే ఒక మినహాయింపు ఉంది. విధవలందరినీ అశుభమని చెబుతూ, కన్నతల్లిని మాత్రం తప్పించింది. తల్లి విధవైనా ఆమె దీవెన శుభమే. ఈ ఒక్క మినహాయింపు చాలు, మొత్తం సిద్ధాంతం కూలిపోవడానికి. అమంగళం నిజంగా ఆ స్త్రీలోనే ఉంటే కొడుక్కి మాత్రం మంగళం ఎలా అవుతుంది? నిప్పు అందర్నీ కాలుస్తుంది గాని, కన్నకొడుకని వదిలిపెట్టదు. ఏ విధవైనా ఎవరికో ఒకరికి తల్లో, తల్లిలాంటిదో అయి ఉంటుంది. తన తల్లి దగ్గరికి వచ్చేసరికి శాస్త్రకారుడికి కూడా చెయ్యి ఆడలేదంటే, తను రాస్తున్నది లోకాచారమే తప్ప సత్యం కాదని ఆయన మనసుకు తెలుసన్నమాట.

‘ముండ’ కథ ఇంకా విచిత్రమైనది. ముండమంటే గొరిగిన తల. అథర్వవేదానికి చెందిన ఒక ఉపనిషత్తుకు ముండకమన్న పేరు ఈ మాట నుంచే వచ్చింది. శిరోవ్రతం పట్టినవాళ్లకే ఈ విద్య చెప్పాలని ఆ ఉపనిషత్తు చివర్లో ఉంది. మన జాతీయ చిహ్నం కింద, సత్యమే గెలుస్తుందని చెప్పే వాక్యం ఆ ఉపనిషత్తులోదే. సన్యాసి తల గొరిగించుకుంటే వైరాగ్యం. తిరుమలలో ఆడా మగా తలనీలాలిస్తే మొక్కుబడి. అదే కత్తిని పన్నెండేళ్ల పిల్ల తల మీద పెడితే మాత్రం అది జీవితాంతం మొయ్యాల్సిన ముద్ర, ఊరంతా వాడుకునే తిట్టు. గొరిగిన తలలో దోషం లేదు, వ్రతంలోనూ లేదు. ఇష్టపడి వదులుకుంటే త్యాగం, బలవంతాన లాక్కుంటే శిక్ష. శిక్ష వేశాక దానికొక నేరం చూపించాలి గనుక పూర్వజన్మ పాపమన్నారు. మనుధర్మశాస్త్రం విధవకు కఠిన నియమాలు పెట్టిందే గాని, అందులో తల గొరిగించమన్న మాట లేదు. అంటే ఈ శిక్ష స్మృతుల్లోకెల్లా పేరున్న స్మృతికి కూడా తెలియనిది.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. ‘కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటారా, లేదా? ఒప్పుకుంటే ఏ కష్టమూ కారణం లేకుండా రాదు. వైధవ్యమూ పూర్వకర్మ ఫలమే. అందులో తప్పేముంది?’ దీనికి జవాబు చెప్పాలంటే ఒక లెక్క చూడాలి. గురజాడ అప్పారావు 1897లో కన్యాశుల్కం నాటకం అచ్చు వేసినప్పుడు దాని ఇంగ్లీషు పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల పట్టిక సంగతి చెప్పారు. మొత్తం 1034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు. ఏడాది పిల్లను డబ్బు తీసుకుని ఒక పెద్దవాడికి కట్టబెడితే, ఆ పిల్ల విధవ కావడానికి పూర్వజన్మ దాకా వెళ్లక్కర్లేదు. కారణం ఎదురుగానే ఉంది. బేరం కుదిర్చినవాడున్నాడు, డబ్బు పుచ్చుకున్న తండ్రి ఉన్నాడు, ముహూర్తం పెట్టిన పురోహితుడున్నాడు, భోజనం చేసి వచ్చిన ఊరుంది. ఇందరి కర్మ కళ్ల ముందే కనిపిస్తుంటే దాన్ని వదిలేసి, మాటలు కూడా రాని పిల్ల కనిపించని కర్మను తవ్వడం కర్మ సిద్ధాంతాన్ని నమ్మడం కాదు. దాని చాటున దాక్కోవడం.

అసలు కర్మ సిద్ధాంతం చెప్పింది ఏమిటి? నీ పనికి నువ్వే బాధ్యుడివని. అది నాకు నేను చెప్పుకోవలసిన మాట. నాకు కష్టం వస్తే, నేనేం తప్పు చేశానో చూసుకోమంటుంది. ఎదుటివాడికి కష్టం వస్తే, వాడేం తప్పు చేశాడో చూడమని ఎక్కడా అనదు. కర్మ గతి లోతైనది, తెలుసుకోవడం కష్టమని గీత నాలుగో అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. కృష్ణుడు తెలుసుకోవడం కష్టమన్నదాన్ని వీధి అరుగు మీద కూర్చుని తేల్చేస్తే అది అహంకారమవుతుంది గాని భక్తి కాదు. పైగా ఎదుటివాడి కష్టం మనకొక పరీక్ష కూడా. ఆ కష్టం చూసి నేను జాలిపడితే అది నా పుణ్యం, తిడితే అది నా పాపం. ఈ లెక్కన చూస్తే, వెధవ అన్న మాటలో కర్మ ఏదైనా అంటుకుంటే అది అన్నవాడికే అంటుకుంటుంది.

సంప్రదాయం తన రోజువారీ పూజలో ఏం చేస్తోందో కూడా చూడాలి. పొద్దున్నే తలుచుకుంటే మహాపాపాలు పోతాయని పెద్దలు చెప్పే పంచకన్యల్లో అహల్య, ద్రౌపదితో పాటు కుంతి, తార, మండోదరి ఉన్నారు. కొందరు కుంతి బదులు సీతను చెప్పుకుంటారు. కుంతి పాండురాజు పోయాక కొడుకుల్ని పెంచింది. తార వాలి పోయాక సుగ్రీవుడి రాణిగా ఉండి, కోపంతో వచ్చిన లక్ష్మణుడికి నచ్చచెప్పి కిష్కింధను కాపాడింది. మండోదరి రావణుణ్ణి పోగొట్టుకుంది. విధవ ఎదురొస్తే వెనక్కి తిరిగే ఇంట్లోనే, రోజు మొదలయ్యేది విధవల నామస్మరణతో. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ స్వామికి ఇచ్చే ముత్యాల హారతి తరిగొండ వెంగమాంబ పేరు మీద జరుగుతుంది. ఆమె బాలవితంతువు. తల గొరిగించుకోనని, తన భర్త వేంకటేశ్వరుడేనని నిలబడిన 18వ శతాబ్దపు మనిషి. ఊరు ఏ మాటతో పిలవబోయిందో ఆ మాటకు ఆమె లొంగలేదు. కొండ మీద దేవుడి చివరి సేవలో ఇప్పుడు ఆమెకే చోటు. అమంగళమన్నదానికి ఇంతకంటే పెద్ద ఖండన ఏముంటుంది?

ఈ వాదనను పుస్తకాల్లోంచి వీధిలోకి తెచ్చిన ఊరు రాజమహేంద్రవరం. వితంతు వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ల పాటు గోదావరి ఒడ్డున దానివల్ల ఆకైనా కదల్లేదు. 1879లో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యాసమిచ్చారు. ఆయన చేతిలోని ఆయుధం బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ముందే వాడినదే: పరాశరస్మృతి. భర్త కనిపించకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త ఉండవచ్చని ఆ స్మృతి చెబుతుంది. కలియుగానికి ప్రమాణం పరాశరుడే అన్నది ఛాందసులూ ఒప్పుకున్న సూత్రం. ఆ శ్లోకం పెళ్లి నిశ్చయమైనవాళ్లకే గాని పెళ్లయినవాళ్లకు కాదని అవతలివాళ్లు వ్యాకరణం తీశారు. వాదన తేలకముందే వీరేశలింగం పని మొదలుపెట్టారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకున్నారు. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు ఒక బాలవితంతువును పెళ్లి చేసుకున్నారు. ఊరు వెలి పెట్టింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు పోసేవాళ్లూ రాలేదు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, తానే వండి వడ్డించింది. శాస్త్రం మీద ఎంత రాసినా రాకపోయే స్పష్టత ఆ బిందెలో ఉంది. అంతవరకు ఆ పిల్లను ఊరు పిలిచిన పేరొకటి. ఆ రోజు రాజ్యలక్ష్మమ్మ ఆమెకు చేసిన మర్యాద పెళ్లికూతురి మర్యాద. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ కూడా బాలవితంతువే. స్వాతంత్ర్యోద్యమంలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకు వెళ్లింది. దేశబాంధవి అని జనం పిలుచుకున్నారు. ఎదురొస్తే అపశకునమనుకున్న మనిషినే సభకు ముందు నిలబెట్టి వినడానికి జనం బళ్లు కట్టుకుని వచ్చారంటే, అమంగళం ఆమెలో ఏనాడూ లేదని తేలిపోయింది.

ఈ తిట్టు పల్లెటూరి మొరటుతనమని కొందరంటారు. అది నిజం కాదు. శ్రమ చేసుకు బతికే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. భర్త పోతే పెద్దల్లో పెట్టి మరో మనువు కట్టుకోవడం వాళ్లకు తప్పు కాదు. వైధవ్యాన్ని జీవితకాలపు శిక్షగా చేసింది శాస్త్రం చదువుకున్న ఇళ్లే. తర్వాత పరువు కోసం మిగతావాళ్లూ దాన్ని అరువు తెచ్చుకున్నారు. మాట పొలంగట్టు మీద వినిపించవచ్చు గాని, దాని వెనకున్న సిద్ధాంతం పొలంగట్టు మీద పుట్టలేదు.

‘ఇప్పుడెవరికీ ఆ అర్థం గుర్తులేదు, ముద్దుగా కూడా అంటాం కదా’ అన్నది ఇంకో ఆక్షేపణ. మాటలు పాత అర్థం పూర్తిగా మర్చిపోయిన సందర్భాలు ఉన్నమాట నిజమే. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాల్లో అశోకుడు తనను ‘దేవానాంప్రియ’ అని చెప్పుకున్నాడు. తర్వాతి సంస్కృత వ్యాకరణంలో ఆ మాటకు మూర్ఖుడన్న అర్థం స్థిరపడింది. అశోకుడు తన శాసనాల్లో అన్ని మతశాఖలకూ గౌరవంగా వాడిన ‘పాషండ’ కూడా ఆ తర్వాత వేదబాహ్యుణ్ణి తిట్టే మాట అయింది. కాని ఈనాడు దేవానాంప్రియుడని తిడితే నొచ్చుకోవడానికి ఆ బిరుదు మోసేవాడు ఎవడూ లేడు. విధవ అలా కాదు, ఆమె పక్క గదిలో ఉంది. మనవణ్ణి ముద్దుగా వెధవాయ్ అంటున్నప్పుడు వినేవాళ్లలో ఆమె ఉంది. పైగా అర్థం నిజంగా చచ్చిపోతే ఆచారమూ చావాలి కదా. శుభకార్యంలో ఆమె ఇంకా వెనక వరసలోనే కూర్చుంటోంది. కూతురి పెళ్లిలో కన్యాదానానికి పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుంటే, నవమాసాలు మోసిన తల్లి స్తంభం చాటు నుంచి చూస్తోంది. ఆచారం బతికున్నంత కాలం మాటకూ ప్రాణం ఉన్నట్టే. ప్రభుత్వం ఇచ్చే పింఛనుకు ‘వితంతు పింఛను’ అని పేరు పెట్టారే తప్ప విధవ పింఛను అనలేదు. ఆ పాత మాటను కాగితం మీద పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదంటే, అర్థం మనందరికీ గుర్తుందన్నమాట.

‘మాట మానేస్తే బతుకులు మారతాయా?’ అని చివరి ప్రశ్న. ఒక్క మాటతో మారవు. వీరేశలింగం పత్రికలో రాసి ఊరుకోలేదు. పెళ్లిళ్లు చేశారు, వితంతువులకు ఆశ్రయం కట్టారు. కాని వాక్కును శాస్త్రం చిన్న విషయంగా చూడలేదు. ఎదుటివాణ్ణి నొప్పించని, సత్యమైన, ప్రియమైన, హితమైన మాట మాట్లాడటమే వాక్కు చేసే తపస్సని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. ఈ తిట్టు ఆ నాలుగింటికీ తప్పింది. నొప్పిస్తుంది, ప్రియం కాదు, హితం కాదు. అన్నిటికీ మించి అది అబద్ధం. భర్త చనిపోవడం ఏ భార్య చేసిన తప్పూ కాదు. అందుకే ఈ మాటను మర్యాద కోసం కాదు, సత్యం కోసం వదలాలి. దానితోపాటు ఆచారాన్నీ సవరించాలి. ఈసారి మీ ఇంట్లో పెళ్లి జరిగితే, భర్త పోయిన తల్లినీ, అత్తనూ, అక్కనూ ముందు వరసలో కూర్చోబెట్టండి. మొదటి అక్షింతలు వాళ్ల చేత వేయించండి. కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టే హక్కు కన్నతల్లికే ఇవ్వండి. పురోహితుడు అభ్యంతరం చెబితే, తల్లి దీవెన శుభమేనని కాశీఖండమే చెప్పిందని గుర్తుచేయండి.